ఉపవాసం రోజు నీళ్ళు

మా సంఘంలో ఉపవాస ప్రార్థన ఉన్న రోజున మందిరం అరుగు మీది నీళ్ళ కుండను కడిగి బోర్లించేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు ఆ కుండను చూసి లోపల ఏం జరుగుతోందో తెలుసుకునేవారు. గంట కొట్టనక్కరలేదు. పొద్దున్న వెళ్ళి చాపల మీద కూర్చుంటే, సూర్యుడు కొబ్బరి తోటల వెనక్కి దిగేదాకా లేచేవాళ్ళం కాదు. అన్నం సంగతి సరే, గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకూడదు. ఇది మిషను దొరలు నేర్పింది కాదు. వాళ్ళ కాలంలో మధ్యాహ్నం దాకానే ఉండేవారని మా అత్తగారు చెప్పేది. తరవాత మా వాళ్ళే కఠినం చేసుకున్నారు. పేదవాళ్ళం, ఆకలీ దాహమూ తప్ప దేవుడికి ఇంకేం ఇవ్వగలం అని మా ఆయన అనేవారు.

మా ఊరు పలాసకు తూర్పున, ఉద్దానంలో. వీధి చివర నిలబడితే సముద్రం కనపడదు గాని వినపడుతుంది. ఊళ్ళో ఎక్కువమంది కొబ్బరి, జీడి తోటలున్న హిందూ రైతులు. మా క్రైస్తవ కుటుంబాలది ఒక్కటే వీధి. మా ఆయన పలాసలో జీడి పిక్కలు వేయించే బట్టీ దగ్గర పనిచేసేవారు. సాయంత్రం సైకిలు దిగేసరికి చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉండేది. సంఘంలో ఆయన పెద్ద, ఉపవాస ప్రార్థన నడిపించేది ఆయనే. నేను ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు. అందుకేనేమో సంఘమే మాకు బిడ్డా బంధువూ అయింది. ఎదురింట్లో మా ఆయనకు అక్క వరస అయ్యే వదిన ఉండేది. మందిరంలో ఆవిడా నేనూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఒక కొస ఆవిడ పరిచేది, రెండో కొస నేను.

తొంభైల చివర్లో మా ప్రార్థన అంశాలు మారడం మొదలైంది. అంతకు ముందు ఆదివారం ఆరాధనలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఎవరికి ఏ అవసరముందో చెప్పమంటే, వర్షం గురించి, పదో తరగతి పరీక్షల గురించి, వేటకెళ్ళిన పడవల గురించి, తాగుబోతు అల్లుళ్ళ గురించి చెప్పేవారు. తరవాత ఒకరు కాళ్ళు పొంగుతున్నాయన్నారు. ఇంకొకరు అన్నం సయించడం లేదన్నారు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చినవాళ్ళు కిడ్నీలు పాడయ్యాయని చెప్పారు. కొన్నాళ్ళకు ఆ మాట ఎంత మామూలైపోయిందంటే, లేచినవాళ్ళు జబ్బు ఏమిటో చెప్పకుండా, ఇంట్లో ఎవరికి వచ్చిందో మాత్రం చెప్పి కూర్చునేవారు. అందరికీ అర్థమయ్యేది.

ఎవరికి వారు ఒకే కారణం కోసం వెతికారు. బోరు నీళ్ళన్నారు కొందరు. తోటలకు కొట్టే మందులన్నారు ఇంకొందరు. సారా అన్నారు, కానీ సారా ముట్టని ఆడవాళ్ళ కాళ్ళు కూడా పొంగాయి. సీసాలు పట్టుకుని వచ్చిన డాక్టర్లు మా రక్తమూ మా బావుల నీళ్ళూ తీసుకుని, చెబుతామంటూ వెళ్ళారు. మా వీధిలో మాత్రం విశ్వాసం తగ్గినందుకే ఈ తెగులు అన్నవాళ్ళున్నారు. అయ్యగారు ఆ మాట ఒప్పుకోలేదు. బైబిల్లో ఒళ్ళంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న నీతిమంతుణ్ణి ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా ఇలాగే ఒక్క కారణం పట్టుకుని వేలాడారని ఒక ఆదివారం ప్రసంగించారు. నాకు ఎంతో నెమ్మది కలిగింది. కానీ ప్రసంగం చివర, కాబట్టి మనం ఇంకా ఎక్కువగా ఉపవాసముండాలి అన్నారు. శుక్రవారానికి తోడు బుధవారం చేరింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలంటే మాకు ఎండాకాలం మొదలు. రేకుల కప్పు కింద అందరం చెమటలు కక్కుతూ కూర్చుని, జబ్బు పడ్డవాళ్ళ కోసం ప్రార్థించేవాళ్ళం. జబ్బు పడ్డవాళ్ళు మా మధ్యనే కూర్చునేవారు. వాళ్ళ కోసమే కదా ఆ ప్రార్థన.

ఒక రోజు మా ఆయన చెప్పుల గుర్తు పాదం మీద లోతుగా దిగి, సాయంత్రమైనా పోకుండా ఉండడం చూశాను. పలాసలో రక్తం పరీక్ష చేయించాం. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని, ఇంకా ముదరలేదని డాక్టరు చెప్పాడు. ఎండలో, మంట దగ్గర పని తగ్గించుకోమన్నాడు. ఒళ్ళు నొప్పుల బిళ్ళలు మింగొద్దన్నాడు. ప్రస్తుతానికి నీళ్ళు బాగా తాగమన్నాడు. మా ఆయన అన్నిటికీ తల ఊపారు. బయటికి వచ్చాక, "శుక్రవారం, బుధవారం దేవుడివి. మిగతా రోజులు తాగుతాను" అన్నారు. నేనూ అది సబబే అనుకున్నాను.

ఆ తరవాతి సంవత్సరం టెక్కలిలో చుట్టుపక్కల సంఘాల స్త్రీలకు ఈ జబ్బు గురించి ఒక శిక్షణ పెట్టారు. మా సంఘం నుంచి నన్ను పంపారు. చెప్పడానికి విశాఖపట్నం నుంచి ఒక లెక్చరరు వచ్చింది. బొట్టు పెట్టుకుంది, విశ్వాసి కాదు. కొందరు మూతి తిప్పుకున్నారు. ఆవిడ పాఠం చెప్పలేదు. పెద్ద కొబ్బరి పీచు తాడు ఒకటి తెప్పించి, మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టింది. ఒక్కొక్కరి పైటకు ఒక్కో కాగితం పిన్నుతో గుచ్చింది. బోరు నీళ్ళు, ఎండ, కూలి పని, నొప్పుల బిళ్ళ, ఆసుపత్రి, తోట అమ్మకం.

కోటబొమ్మాళి నుంచి వచ్చిన ఒక లావుపాటి ఆవిడ తన కాగితం చదివించుకుని, "ఓలమ్మ, నాను బోరు నీళ్ళా? మా ఇంటాయన రోజూ తిట్టేది దీన్నే. ఈ కాగితం తీయకుండా ఇంటికెల్తాను, ఆయన ముచ్చట తీరిపోద్ది" అంది. అందరం నవ్వాం.

మేడం కారణం ఏమిటని అడగలేదు. "దీని తరవాత ఏమవుతుంది? అది తిరిగి ఎవరి దగ్గరకొస్తుంది?" అని మాత్రమే అడుగుతూ పోయింది. మేం చెప్పినట్టల్లా తాడు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళింది. ఎండలో పని చేస్తే ఒళ్ళు నొప్పి. నొప్పికి బిళ్ళ. బిళ్ళ మింగితే మర్నాడు మళ్ళీ ఎండలోకి. కిడ్నీ చెడితే ఆసుపత్రి. ఆసుపత్రికి వెళ్ళాలంటే తోట అమ్మకం. తోట పోతే పరాయి తోటలో కూలి, మళ్ళీ అదే ఎండ. తాడు నాలుగు వైపులా అల్లుకుపోయింది. అప్పుడు ఒకామెను కొంచెం లాగమంది. ఎక్కడో అవతలున్నావిడ కూడా ముందుకు తూలింది.

"దీన్ని వ్యవస్థగా చూడడం అంటారు" అంది మేడం. "ఏది దోషి అని వెతక్కండి. అన్నీ కలిసి ఎలా కదులుతున్నాయో చూడండి."

నాకది కొత్తగా అనిపించలేదు. సంఘమంటే ఒకే శరీరమని, చేతికి దెబ్బ తగిలితే ఒళ్ళంతా జ్వరం వస్తుందని ఏటా పిల్లలకు బొమ్మ గీసి చెప్పేదాన్ని. ఈ తాడు ఆ బొమ్మే. కానీ ఆ వలయంలో ఒకటి లేదు. "మేడం, సంగం ఏది?" అని అడిగాను.

"ఎక్కడుంటుందో మీరే నిలబడి చూపించండి" అందావిడ.

నేను వెళ్ళి మధ్యలో నిలబడ్డాను. మీ దగ్గరకు ఎవరొస్తారు అంది. జబ్బు పడ్డవాళ్ళు అన్నాను. తాడు నా చేతికొచ్చింది. మీరేం చేస్తారు అంది. ఉపవాసముండి ప్రార్థిస్తాం అన్నాను. ఉపవాసంలో ఏమవుతుంది అంది.  నేను నోరు తెరిచేలోగా బోరు నీళ్ళ ఆవిడే, "ఏటవుద్ది? దాహమవుద్ది. సాయంత్రానికి తల పగిలిపోద్ది. బిళ్ళ ఏసుకుంటాం" అని గట్టిగా చెప్పి, తన చేతిలోని తాడు కొస నా మీదుగా బిళ్ళ ఆవిడకు అందించింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ పీచు నా అరచేతిలో గరుగ్గా గుచ్చుకుంటూ ఉంది.

బస్సులో వస్తూ ఆ తాడు గురించే ఆలోచించాను. మా ప్రేమ తప్పు అని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. దేవుడు ప్రార్థన వింటాడని నమ్ముతాను. కానీ ఎవరి కోసం మోకరిస్తున్నామో వాళ్ళనే ఎండబెడుతున్నామని ఆ రోజు కళ్ళకు కట్టింది. అందులో మా ఆయన ఉన్నారు.

ఇంటికి వచ్చాక అన్నం వడ్డిస్తూ చెప్పాను. "మావా, ప్రార్థన రోజుల్లో నీళ్ళు తాగుదాం. కూడు మానేద్దాం, నీళ్ళు వద్దనొద్దు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పలేదు. తాడు పట్టుకుంటే తెలిసింది."

"టెక్కలెల్లి తాడాట ఆడొచ్చి నాకు వాక్యం సెప్తన్నావేటే?" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. కాస్సేపటికి నవ్వు పోయింది. "ఇన్నాళ్ళు నాను ఎండిందంతా ఉత్తిదేనంటావా?"

"ఉత్తిదనలేదు. దేవుడు నీ మనసు సూత్తాడు, నీ నాలిక ఎండిందో లేదో సూత్తాడేటి?"

ఆయన కంచంలో చెయ్యి కడుక్కున్నారు. 

మర్నాడు అయ్యగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "నీ మాట తప్పని నేననను, అమ్మా. అయితే ఈ రోజు నీళ్ళంటే రేపు టీ అంటారు. ఎల్లుండి టీలోకి బిస్కెట్టు అంటారు" అని తనే నవ్వి, తరవాత గంభీరంగా, "నీ భర్త పెద్ద. సంఘం ఆయన్ని చూస్తుంది. ఆయన ఒప్పుకుంటే నేను అడ్డు చెప్పను" అన్నారు. అంటే అంతా మా ఆయన మీదే ఉంది. ఆయన కాళ్ళు చూస్తే రోజురోజుకీ పొంగుతున్నాయి.

శుక్రవారం పొద్దున్న అందరికంటే ముందు మందిరానికి వెళ్ళాను. కుండను కడిగి, బోర్లించకుండా నీళ్ళు నింపి, మూత పెట్టి, మీద గ్లాసు పెట్టాను. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అరుగు దగ్గర ఆగారు.

"ఇదేటే, ఈయాల పెళ్ళేటి ఇక్కడ?" అంది మా వదిన.

"మజ్జిగ కలిపి తేవాల్సింది, మరదలా. ఉప్పు తక్కువైతే మా ఇంట్లో ఉంది" అంది ఇంకొకావిడ.

"జబ్బున్నోళ్ళకి వదినా" అన్నాను. "నీ కాళ్ళు కూడా సూసుకో."

వదిన మొహం మాడిపోయింది. తన కాళ్ళ సంగతి అంతవరకూ నలుగురిలో ఎవరూ అనలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, మేం రోజూ పరుచుకునే చాప తీసి, రెండు కొసలూ తనే పరుచుకుని కూర్చుంది. మా ఆయన సైకిలు దిగి కుండ చూశారు, నన్ను చూశారు. గ్లాసు పక్కన పెట్టి, కుండను ఎత్తి నీళ్ళు మెట్ల మీద పారబోసి, నెమ్మదిగా బోర్లించి లోపలికి వెళ్ళారు.

ఆ శ్రమ దినాల్లో ప్రతి ప్రార్థన రోజూ నేను నింపడం, ఆయన బోర్లించడం. ఇంట్లో దీని గురించి ఒక్క మాట లేదు. నాకు తగవు కంటే ఆ మౌనమే కష్టమనిపించింది. మందిరంలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. పాటలప్పుడు అంతమంది గొంతుల్లో నా గొంతు నాకే విడిగా వినపడేది. ఆదివారం బడికి పిల్లలు తగ్గారు. వాళ్ళ తల్లులు ఏదో చెప్పి ఉంటారు. పుట్టినప్పటి నుంచి ఆ మందిరంలో ఒంటరిగా ఉండడం ఎలా ఉంటుందో తెలియని దాన్ని, అక్కడే నేర్చుకున్నాను. దేవుడితో కూడా ఎక్కువ మాట్లాడలేకపోయేదాన్ని. నీళ్ళు, నీళ్ళు అనే నా ప్రార్థనంతా.

ఒక బుధవారం మిట్టమధ్యాహ్నం, రేకులు టిక్కుటిక్కుమంటున్న వేళ, కొబ్బరికాయలు దించే పని చేసే మా మరిది వరస మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. అతనికీ అదే జబ్బు. ముందు రోజంతా జలంత్రకోట వైపు తోటల్లో పని చేసి, పొద్దున్న నేరుగా ప్రార్థనకు వచ్చాడు. మా ఆయన, ఇంకో ఇద్దరు అతన్ని అరుగు మీదకు మోసుకొచ్చారు. నేను పరుగున ఇంటికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాను. మొహం మీద చల్లితే కళ్ళు తెరిచాడు. గ్లాసులో పోసి పెదాలకు పెడితే మూతి బిగించాడు.

"తాగరా" అన్నారు మా ఆయన.

"నివ్వు తాగినావేటి అన్నా?"

"నా సంగతి నీకెందుకు? తాగు."

"నీదీ నా రోగమే. నివ్వు ఎండిపోయి ముందు కూకుంటే, ఎనకాల నాను నీళ్ళు తాగితే జనం నవ్వరేటి? నాకు మాత్రం దేవుడు లేడా?"

మా ఆయన గ్లాసు తన చేతిలోకి తీసుకుని గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో సంఘమంతా నిలబడి చూస్తోంది. తాడు వలయంలో నేను మధ్యలో నిలబడ్డాను గాని, మా సంఘంలో ఆ మధ్య చోటు ఈయనదని అప్పుడు తెలిసింది. ఆయన ఎటు ఒరిగితే అందరూ అటు ఒరుగుతారు. ఆయన గ్లాసు ఎత్తి, అందరూ చూస్తుండగా, సగం తాగారు. నీళ్ళు గొంతు దిగడం కనపడింది. మిగతా సగం మరిది నోటికి అందించారు. అతను గటగటా తాగేశాడు. తరవాత మా ఆయన బోర్లించిన కుండను సరిగ్గా నిలబెట్టి, నా వైపు చూడకుండా, "నీళ్ళు తెండి" అన్నారు.

నేను గెలిచాననుకోలేదు. అనుకోవడానికి ఆయన వీలివ్వలేదు. మర్నాడు పనికి వెళ్ళే ముందు, రోజూలాగే ఇద్దరం మోకరించినప్పుడు ఆయన ప్రార్థించారు. "ప్రభువా, నీ దినాన్ని నేను భంగం చేశాను. తమ్ముడి దాహం చూడలేక చేశాను. ఈ తప్పు నా ఒక్కడి మీదే ఉంచు, సంఘం మీద ఉంచకు." అప్పటినుంచి, నీళ్ళు తాగిన రోజుకు మర్నాడు, ప్రతి గురువారం, ప్రతి శనివారం అదే ప్రార్థన. ఆయన నా తాడును ఎన్నడూ నమ్మలేదు. తప్పని నమ్ముతూనే, మిగతావాళ్ళు తాగాలని తాగారు. నేను పక్కనే ఉండి ఆమేన్ అనలేకపోయేదాన్ని. రెండు మోకాళ్ళ దూరంలో ఉన్న మనిషి అంత దూరంలో ఉండగలడని అంతకు ముందు తెలియదు.

అలాగని అన్నీ చక్కబడలేదు. సంఘంలో నీళ్ళు పెట్టడం మొదలయ్యాక కొన్ని కుటుంబాలు మమ్మల్ని విడిచి, హైవే పక్కన ఎవరో కొత్తగా వేసిన ప్రార్థన పందిట్లోకి వెళ్ళిపోయాయి. అక్కడ ఉపవాసం ఇంకా కఠినమట. మేం ఒక చోట తాడు వదులు చేస్తే అది ఇంకో చోట బిగిసింది. వెళ్ళినవాళ్ళలో మా వదిన ఒకతె. మా ఆయన బట్టీ పని మానలేదు. మానితే తిండి ఎలాగ? నొప్పుల బిళ్ళలు నా కంట పడకుండా పలాసలోనే మింగేవారని తరవాత తెలిసింది. జబ్బు ముదిరాక విశాఖపట్నం డాక్టర్లు ఇక నీళ్ళు తక్కువ తాగాలన్నారు. శరీరం బయటికి పంపలేకపోతోందట. ఒకప్పుడు తాగమని బతిమాలిన నేనే, ఇంకొంచెం ఇయ్యవే అని ఆయన అడుగుతుంటే గ్లాసు వెనక్కి తీసుకునేదాన్ని. ఆయన పోయింది వర్షాకాలంలో, తెల్లవారుతుండగా.

ఆ తరవాత ఒక శుక్రవారం వదిన తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచీ భుజాన వేసుకుని మా ఇంటి ముందు నుంచి పందిటికి వెళుతోంది. కాళ్ళు బరువుగా వేస్తోంది. నేను గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాను.

"తాగి ఎల్లు వదినా. డాక్టరు నిన్ను తాగమన్నాడు కదా."

ఆవిడ ఆగింది. "మా తమ్ముడు తాగినాడు కదే. ఏటయింది?"

బట్టీ మంట, బిళ్ళలు, వారానికి రెండు రోజులు ఎండిన ఏళ్ళు, తిండి కోసం వదల్లేని పని, అన్నీ నా నోటి దాకా వచ్చాయి. వీధిలో నిలబడి చెప్పేటంత చిన్న సంగతి కాదది. "ఒక్క నీళ్ళేనేటి వదినా" అనేసరికి ఆవిడ మలుపు తిరిగిపోయింది.

నేను మందిరానికి వెళ్ళాను. మిగిలినవాళ్ళం కొద్దిమంది, మధ్యమధ్య లేచి నీళ్ళు తాగుతూ ప్రార్థించాం. మరిది మాత్రం రెండు గ్లాసులు తాగి, "అన్న పేరు సెప్పి ఒకటి, నా పేరు సెప్పి ఒకటి" అన్నాడు. 

సాయంత్రం దీపం పెట్టబోతుంటే వదిన వచ్చి నా అరుగు మీద కూలబడింది. పైట కొంగుతో తల బిగించి కట్టుకుని ఉంది. "తల పగిలిపోతంది. బిళ్ళ ఉందేటి?"

"బిళ్ళ లేదు. నీళ్ళున్నాయి."

"పొద్దు ములిగింది కదా" అని తనకు తానే చెప్పుకుని చెయ్యి చాచింది. తాగి, మళ్ళీ చాచింది. రెండోది కూడా తాగింది. "పగలు తాగితే నీ పార్టీలో కలిసిపోయినానంటారు" అంది.

"నా పార్టీలో నానొక్కతినే వదినా."

ఆవిడ నవ్వలేదు, లేచి వెళ్ళలేదు కూడా. కాళ్ళు చాపుకుని, పొంగిన మడమలను రెండు చేతులతో నొక్కుకుంటూ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. నేను మూడో గ్లాసు నింపి ఆవిడ పక్కన పెట్టాను.